ప్రాచీన రోమ్ కథల సినిమాలు

రోములస్ నగరానికి పునాది వేశాడని చెప్పే క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం నుంచి, పశ్చిమ సామ్రాజ్యపు చివరి చక్రవర్తి గద్దె దిగిన క్రీస్తుశకం 476 దాకా రోమన్ల కథ పన్నెండు వందల ఏళ్లకు పైగా నడిచింది. అందులో సినిమాకు ఎక్కింది చాలా కొంచెం. సీజర్ హత్య, క్లియోపాత్ర ప్రేమలు, నీరో దుర్మార్గం, క్రైస్తవుల మీద హింస, స్పార్టకస్ తిరుగుబాటు, వెసూవియస్ అగ్నిపర్వతం పేలడం, గ్లాడియేటర్ల పోరు. ఇటలీ అయినా హాలీవుడ్ అయినా నూట పాతికేళ్లుగా తిప్పి తిప్పి తీస్తున్నవి ఎక్కువగా ఇవే. మన పౌరాణికాల్లో రాయబారం, వస్త్రాపహరణం మళ్లీ మళ్లీ వచ్చినట్టే ఇదీను. కథ అందరికీ తెలుసు, ఈసారి ఎంత ఘనంగా తీశారన్నదే చూడాలి.

తెర మీద మనం చూసే రోమ్ నేరుగా పాత రోమ్ నుంచి వచ్చింది కాదు. 19వ శతాబ్దపు నవలాకారులు, చిత్రకారులు, నాటకాల వాళ్లు కలిసి ఒక రోమ్‌ను కట్టి పెట్టారు. సినిమా దాన్ని కట్టుబట్టలతో సహా అద్దెకు తీసుకుంది. ఆ తర్వాత ప్రతి తరం దర్శకులూ చరిత్ర పుస్తకాల కంటే ముందు తరం సినిమాలనే ఎక్కువగా చూసి తీశారు.

నవలల వరసలో మొదటిది ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ 1834లో రాసిన ‘ది లాస్ట్ డేస్ ఆఫ్ పాంపేయి’. అమెరికా అంతర్యుద్ధంలో జనరల్‌గా పనిచేసిన ల్యూ వాలెస్ 1880లో ‘బెన్ హర్’ రాశాడు. పోలండ్ రచయిత హెన్రిక్ షెంకేవిచ్ ‘క్వో వాదిస్’ 1896లో పుస్తకంగా వచ్చింది. ఈ మూడు నవలలూ ఎన్నిసార్లు సినిమాలయ్యాయో లెక్క పెట్టడం విసుగు పుట్టించే పని. ‘బెన్ హర్’ అయితే సినిమా కంటే ముందు నాటకమైంది. 1899లో న్యూయార్క్ రంగస్థలం మీద నిజం గుర్రాలను కదిలే పట్టాల మీద పరుగెత్తించి రథాల పందెం చూపించారు. గుర్రాలు పరుగెడుతున్నా ఉన్నచోటే ఉంటాయి, వెనక తెర మాత్రం కదులుతుంది. సినిమా వాళ్లు తరవాత వాడుకున్న కిటుకుకు అది పెద్దన్న లాంటిది.

బొటనవేలు, చాచిన చెయ్యి

రోమ్ సినిమాల్లో అందరికీ గుర్తుండే మూడు విషయాల పుట్టుక చూస్తే ఈ అద్దె వ్యవహారం తేటపడుతుంది.

మొదటిది బొటనవేలు. ఓడిన గ్లాడియేటర్‌ను చంపాలంటే జనం బొటనవేలు కిందికి చూపిస్తారని చిన్నపిల్లలు కూడా చెబుతారు. బొటనవేలు ‘తిప్పడం’ గురించి లాటిన్ రచనల్లో ఉన్న మాట నిజమే. ఎటు తిప్పేవారో మాత్రం వాటిలో స్పష్టంగా లేదు. కిందికి అని ఖాయం చేసింది ఫ్రెంచి చిత్రకారుడు జాఁ లియోఁ జేరోమ్. 1872లో ఆయన వేసిన ‘పోలిచె వెర్సో’ చిత్రంలో బరి అంచున కూర్చున్న వెస్టా దేవత పూజారిణులు బొటనవేళ్లు కిందికి గుచ్చుతూ కనిపిస్తారు. సరిగ్గా ఆ చిత్రం నకలునే నిర్మాతలు తీసుకెళ్లి రిడ్లీ స్కాట్‌కు చూపించారు. అది చూసే ఆయన ‘గ్లాడియేటర్’ తీయడానికి ఒప్పుకున్నాడు.

రెండోది, చావబోతున్న వాళ్లు చక్రవర్తికి చెప్పే వందనం. గ్లాడియేటర్లు ప్రతి పోటీకి ముందూ అలా చెప్పేవారని సినిమాలు నమ్మించాయి. నిజానికి చరిత్రకారుడు సుయెటోనియస్ ఆ మాటను ఒక్క సందర్భంలోనే నమోదు చేశాడు. క్రీస్తుశకం 52లో క్లాడియస్ చక్రవర్తి ఫూచినో సరస్సు మీద ఏర్పాటు చేసిన ఉత్తుత్తి నౌకాయుద్ధం అది. ఆ మాట అన్నవాళ్లు మరణశిక్ష పడిన ఖైదీలు.

మూడోదాని కథ ఇంకా పొడుగు. చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి కిందికి పెట్టి చేసే ‘రోమన్ వందనం’ రోమన్ల రచనల్లోనూ శిల్పాల్లోనూ ఆ రూపంలో దొరకదు. 1784లో జాక్ లూయీ దావిద్ వేసిన ‘హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ’ చిత్రంలో ముగ్గురు అన్నదమ్ములు కత్తుల వైపు చేతులు చాస్తారు. ఆ భంగిమ నాటకాల్లోకి, అక్కణ్నుంచి తొలి మూకీ చిత్రాల్లోకి పాకింది. 1914లో ఇటలీలో తీసిన ‘కబీరియా’లో పదే పదే కనిపిస్తుంది. ఆ చిత్రానికి తెర మీద పడే రాతలు రాసింది ప్రఖ్యాత కవి గాబ్రియేలే దానున్‌ట్సియో. అయిదేళ్లకు, 1919లో, ఆయనే తన దండుతో వెళ్లి ఫియూమే పట్టణాన్ని ఆక్రమించినప్పుడు అక్కడి సభల్లో ఈ వందనం వాడుకలోకి వచ్చింది. ముస్సోలినీ మనుషులు దాన్ని అందిపుచ్చుకున్నారు. జర్మనీలో నాజీలు వాళ్లను చూసి నేర్చుకున్నారు. ఒక చిత్రకారుడి ఊహ నాటకశాల, సినిమాహాలు దాటుకుంటూ రాజకీయ సభ మీదికి ఎక్కడానికి నూటా ముప్పై అయిదేళ్లు పట్టింది.

మూకీల కాలం

సినిమా పుట్టిన కొద్దికాలానికే లూమియర్ కంపెనీ, నీరో బానిసల మీద విషం పరీక్షిస్తున్న దృశ్యాన్ని చిన్న రీలుగా తీసింది. 1907లో కేలెమ్ కంపెనీ సుమారు పావుగంట ‘బెన్ హర్’ తీసింది. నవల హక్కులు ఎవరినీ అడగలేదు. అప్పటికి అడగాలన్న ఆనవాయితీ కూడా లేదు. ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. 1911లో అమెరికా సుప్రీంకోర్టు నవలను సినిమాగా తీయాలంటే రచయిత అనుమతి కావాల్సిందేనని తీర్పు చెప్పింది. ఈ రోజు కథా హక్కుల కోసం నిర్మాత చెక్కు రాస్తున్నాడంటే దాని వెనక ఆ పావుగంట రథాల పందెం కూడా ఉంది.

ఈ రకం సినిమాకు భారీతనం నేర్పింది ఇటలీయే. 1913లో ఎన్రికో గువాద్జోని తీసిన ‘క్వో వాదిస్’ అమెరికా దాకా వెళ్లి ఆడింది. మరుసటి ఏడు జొవాన్ని పాస్ట్రోనే ‘కబీరియా’ దాన్ని మించిపోయింది. రోమ్, కార్తేజ్ మధ్య జరిగిన రెండో ప్యూనిక్ యుద్ధకాలపు కథ అది. ఎట్నా అగ్నిపర్వతం, పిల్లల్ని బలి కోరే మోలోక్ ఆలయం, ఆల్ప్స్ దాటే హానిబాల్ సేన, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ సెట్ల లోతు తెలియడానికి పాస్ట్రోనే కెమెరాను చక్రాల బండి మీద పెట్టి మెల్లగా జరిపించాడు. ట్రాలీ షాట్ అంతకు ముందు లేకపోలేదు గానీ, కథ చెప్పడానికి దాన్ని ఇంత నిలకడగా వాడింది ఈ సినిమాలోనే. రెండేళ్ల తర్వాత అమెరికా దర్శకుడు గ్రిఫిత్ ‘ఇన్‌టాలరెన్స్’లో కట్టిన బాబిలోన్ మీద దీని ప్రభావం ఉంది. జెనోవా రేవులో మూటలు మోసే బార్తొలొమేయో పగానో ఇందులో మచిస్తే అనే బలశాలి వేషం వేసి దేశమంతటా తారయ్యాడు. ఆ పాత్ర ఎంత నచ్చిందంటే, రోమ్‌తో ఏ సంబంధమూ లేని కథల్లో కూడా మచిస్తేను దించారు.

1925లో ఎంజీఎం సంస్థ మళ్లీ ‘బెన్ హర్’ను విడుదల చేసింది. ఇటలీలో మొదలుపెట్టి, అక్కడ పని సాగక సరంజామా అంతా కాలిఫోర్నియాకు మోసుకొచ్చింది. రథాల పందాన్ని 42 కెమెరాలతో తీశారు. మూగజీవాల బాగోగులు పట్టించుకునే నియమాలు అప్పటికి లేవు. షూటింగులో చాలా గుర్రాలు చచ్చిపోయాయి. ఆ పందెం ఇప్పుడు చూసినా గుండె జారుతుంది, ఆ సంగతి తెలిశాక చూడాలంటే మనసొప్పదు.

టాకీలు వచ్చాక సెసిల్ బి. డిమిల్ ‘ది సైన్ ఆఫ్ ది క్రాస్’ (1932)లో భక్తినీ శృంగారాన్నీ ఒకే పళ్లెంలో వడ్డించే కిటుకు కనిపెట్టాడు. రాణి పాపేయాగా క్లాడెట్ కోల్‌బేర్ పాలతొట్టిలో స్నానం చేస్తుంది, చివర్లో క్రైస్తవులు సింహాల పాలవుతారు. పాపాన్ని కళ్లారా చూపించి, ఆఖరి రీలులో దానికి శిక్ష వేస్తే చర్చివాళ్లూ టికెట్టు కొన్నవాళ్లూ ఇద్దరూ ఊరుకుంటారన్నది ఆయన లెక్క. చర్చివాళ్లు ఊరుకోలేదనుకోండి.

చినెచిత్తా

రోమ్ నగరం శివార్లలో, తుస్కొలానా రోడ్డు మీద ఉన్న చినెచిత్తా స్టూడియోను ముస్సోలినీ 1937 ఏప్రిల్ 28న ప్రారంభించాడు. అదే ఏడాది విడుదలైన ‘షిపియోనే లాఫ్రికానో’లో సైన్యాధిపతి షిపియో ఆఫ్రికా వెళ్లి క్రీస్తుపూర్వం 202లో జామా దగ్గర హానిబాల్‌ను ఓడిస్తాడు. అప్పుడే ఇథియోపియాను ఆక్రమించిన ఇటలీ ప్రభుత్వానికి ఇంతకంటే అనువైన కథ దొరకదు. ఏనుగులు వచ్చాయి, సైనికులు వచ్చారు, వెనిస్ చిత్రోత్సవంలో ముస్సోలినీ పేరిట ఉన్న బహుమతి కూడా దానికే వచ్చింది. సినిమాగా మాత్రం అది ఉపన్యాసమే. దర్శకుడు కార్మినే గల్లోనే కథానాయకుణ్ని రాతి విగ్రహంలా నిలబెట్టాడు.

యుద్ధంలో బాంబులు పడ్డ చినెచిత్తా ఆ తర్వాత కొన్నాళ్లు నిరాశ్రయుల శిబిరమైంది. మళ్లీ దాన్ని లేపింది అమెరికన్ డబ్బే. తమ సినిమాలకు ఇటలీలో వచ్చిన వసూళ్లను హాలీవుడ్ కంపెనీలు దేశం దాటించకుండా అక్కడి ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. తీసుకుపోలేని డబ్బును అక్కడే ఖర్చు పెట్టి సినిమా తీస్తే సరి. అలా 1951లో ‘క్వో వాదిస్’ తయారైంది. నీరోగా పీటర్ ఉస్తినోవ్ కనిపించినంత సేపూ నాయికా నాయకులు గుర్తుకు రారు. మిత్రుడి చావుకు కన్నీళ్లు పెట్టుకుని, ఆ కన్నీళ్లను సీసాలో పట్టించుకునే చక్రవర్తి అతను. రోమ్ తగలబడుతుంటే ఫిడేలు వాయించాడని ఈ సినిమాల నీరోలు జనం మనసులో వేసిన ముద్ర సంగతి ఇక్కడే చెప్పాలి. క్రీస్తుశకం 64లో రోమ్ తగలబడడం మొదలైనప్పుడు నీరో ఊళ్లో లేడని, ఆంటియమ్‌లో ఉన్నాడని టాసిటస్ రాశాడు. ఫిడేలు అప్పటికి పుట్టనే లేదు. క్రైస్తవులను బలిచ్చారని చూపించే కొలోసియం కూడా నీరో పోయిన పన్నెండేళ్లకు, 80లో గానీ తెరుచుకోలేదు.

ఇంట్లోకి టెలివిజన్ రావడంతో అమెరికాలో హాళ్లు ఖాళీ కాసాగాయి. బుల్లితెర మీద పట్టని బొమ్మ కావాలి. సినిమాస్కోపులో విడుదలైన మొదటి చిత్రం ‘ది రోబ్’ (1953) రోమన్ కథ కావడం కాకతాళీయం కాదు. విశాలమైన తెరను నింపాలంటే ఊరేగింపులు, సైన్యాలు, స్తంభాల వరసలు కావాలి. అవన్నీ రోమ్‌లో సిద్ధంగా ఉన్నాయి. 1959లో విలియం వైలర్ తీసిన ‘బెన్ హర్’ ఈ ధోరణికి శిఖరం. చినెచిత్తాలో సుమారు 18 ఎకరాల మేర పందెం మైదానం కట్టారు. పందాన్ని తీసింది వైలర్ కాదు, రెండో యూనిట్ దర్శకుడు ఆండ్రూ మార్టన్, ఫైట్ మాస్టర్ యకిమా కనుట్. కనుట్ కొడుకు జో ఒక దూకుడులో రథం మీద నుంచి ఎగిరి ముందుకు పడ్డాడు. గడ్డానికి దెబ్బతో బయటపడ్డాడు. ఆ షాట్‌ను అలాగే ఉంచి, హీరో తిరిగి పైకి పాకుతున్న షాట్ అతికించారు. ఈ చిత్రానికి 11 ఆస్కార్లు వచ్చాయి. ‘టైటానిక్’ వచ్చేదాకా ఎవరూ ఆ లెక్కను అందుకోలేదు. ఇందులో గొలుసులు వేసిన బానిసలు తెడ్లు వేసే ఓడ కూడా నవల ఇచ్చిందే. రోమన్ యుద్ధనౌకల్లో తెడ్డు వేసింది మామూలుగా జీతం తీసుకునే స్వతంత్రులు.

స్పార్టకస్ పేరు, రచయిత పేరు

ఈ కోవలో రాజకీయంగా ముఖ్యమైన సినిమా ‘స్పార్టకస్’ (1960). మూల నవల రాసిన హోవర్డ్ ఫాస్ట్ కమ్యూనిస్టు. అమెరికా కాంగ్రెస్ విచారణ సంఘానికి పేర్లు చెప్పనందుకు 1950లో జైలుకు వెళ్లి వచ్చి, ప్రచురణకర్తలు ముట్టుకోకపోతే 1951లో సొంతంగా అచ్చు వేసుకున్నాడు. స్క్రీన్‌ప్లే రాసిన డాల్టన్ ట్రంబో కూడా అదే కారణంతో జైలు చూసినవాడే. కమ్యూనిస్టులన్న పేరుతో హాలీవుడ్ పని ఇవ్వకుండా పెట్టిన బ్లాక్ లిస్టులో ఉన్నందువల్ల దశాబ్దం పాటు మారుపేర్లతో రాసి పొట్టపోసుకున్నాడు. కథానాయకుడూ నిర్మాణ బాధ్యుడూ అయిన కిర్క్ డగ్లస్ ఆయన అసలు పేరు తెర మీద వేయించాడు. ‘ఎక్సోడస్’ చిత్రానికి ఓటో ప్రెమింజర్ కూడా అదే ఏడాది ఆ పని చేశాడు. ఈ రెండు దెబ్బలతో బ్లాక్ లిస్టు బీటలు వారింది. ఓడిపోయిన బానిసల్లో ఒక్కొక్కరే లేచి నాయకుడి పేరు తన పేరుగా చెప్పుకునే ఘట్టం ఏ చరిత్రలోనూ లేదు. పేర్లు చెప్పమని మనుషుల్ని వేధించిన కాలంలో రాసిన రచయితకు ఆ ఘట్టం ఎక్కణ్నుంచి తట్టిందో ఊహించడం కష్టం కాదు.

మొదట దర్శకుడుగా ఉన్న ఆంథొనీ మాన్‌ను కొద్ది రోజులకే తప్పించి, ముప్పై ఏళ్ల స్టాన్లీ కూబ్రిక్‌ను తెచ్చారు. యుద్ధ దృశ్యాలకు స్పెయిన్ సైన్యం నుంచి వేలమంది వచ్చారు. సినిమాలో స్పార్టకస్‌ను శిలువ వేస్తారు. చరిత్రలో అతను క్రీస్తుపూర్వం 71లో యుద్ధంలోనే పోయాడు, శవం దొరకలేదు. ఆపియన్ దారి పొడవునా శిలువ వేసింది పట్టుబడిన ఆరువేల మందిని.

చేతులు కాల్చుకున్నవాళ్లు

‘క్లియోపాత్ర’ (1963) ఖర్చు కథ సినిమా కంటే ఎక్కువ ప్రచారం పొందింది. ఇంగ్లండులో సెట్లు వేశాక ఎలిజబెత్ టేలర్ ప్రాణాల మీదికి తెచ్చుకునేంత జబ్బు పడింది. దర్శకుడు రూబెన్ మమూలియన్ వెళ్లిపోయి జోసెఫ్ మాంకివిచ్ వచ్చాడు. అంతా వదిలేసి చినెచిత్తాలో మళ్లీ కట్టారు. బిల్లు 4 కోట్ల 40 లక్షల డాలర్ల దరిదాపుల్లో తేలింది. ఆ ఏడాది అమెరికాలో అందరికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా అదే, అయినా పెట్టుబడి వెనక్కి రావడానికి ఏళ్లు పట్టింది. మరుసటి ఏడు నిర్మాత శామ్యూల్ బ్రాన్‌స్టన్ మాడ్రిడ్ దగ్గర లాస్ మాతాస్‌లో 400 మీటర్ల పొడవు, 230 మీటర్ల వెడల్పున రోమన్ ఫోరమ్ కట్టి ‘ది ఫాల్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్’ తీశాడు. సినిమా పడిపోయింది, ఆయన సంస్థ దివాలా తీసింది. పేరు పెట్టేటప్పుడే చూసుకోవాల్సింది.

అదే సమయంలో ఇటలీ వాళ్లు తక్కువ డబ్బుతో ఇంకో రోమ్ నడిపారు. 1958లో అమెరికన్ కండల వీరుడు స్టీవ్ రీవ్స్‌తో పియెత్రో ఫ్రాంచీషి తీసిన హెర్క్యులీస్ చిత్రం బ్రహ్మాండంగా ఆడింది. ఆ ఊపులో ఏడెనిమిదేళ్ల పాటు అలాంటివి గుంపులుగా వచ్చాయి. ఫ్రెంచి విమర్శకులు వీటికి ‘పెప్లమ్’ అని పేరు పెట్టారు. మన విఠలాచార్య జానపదాలు ఇష్టపడేవారికి వీటి రుచి తెలియనిది కాదు: ఒకే సెట్టుకు రంగు మార్చి నాలుగు రాజ్యాలు, దుష్టరాణి, విరిగే స్తంభాలు. 1959 ‘పాంపేయి’ చిత్రానికి దర్శకుడు మారియో బొన్నార్ జబ్బు పడితే పని చక్కబెట్టింది సెర్జియో లియోనే. 1964లో ఆయన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీశాక అవే స్టూడియోలు, అవే ఫైటర్లు కత్తులు పడేసి పిస్తోళ్లు పట్టారు. పెప్లమ్ కథ అక్కడితో సరి.

భారీ చిత్రాలు చల్లబడ్డాక వచ్చినవాటిలో వింతైనవి ఉన్నాయి. ఫెల్లీని ‘సాటిరికాన్’ (1969) పెట్రోనియస్ రచన ముక్కలుగానే మిగిలినట్టు ముక్కలుగానే సాగి, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. రోమన్లు మనలాంటివాళ్లే అనే ఊరడింపు అందులో దొరకదు, వేరే గ్రహం మనుషుల్లా ఉంటారు. డెరెక్ జార్మన్ ‘సెబాస్టియాన్’ (1976) మొత్తం లాటిన్‌లోనే నడుస్తుంది. అదే ఏడాది బీబీసీ ధారావాహిక ‘ఐ, క్లాడియస్’ సైన్యాలూ ఏనుగులూ లేకుండా నాలుగు గోడల మధ్య విషప్రయోగాలతోనే రోమ్‌ను రక్తి కట్టించింది. దానికి మూలమైన నవలను 1937లో జోసెఫ్ ఫన్ స్టెర్న్‌బర్గ్ సినిమాగా తీస్తూ మధ్యలో ఆపేశాడు. నాయిక, బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఒబెరాన్, కారు ప్రమాదంలో గాయపడడం ఒక కారణం. 1979లో మాంటీ పైథాన్ బృందం తీసిన ‘లైఫ్ ఆఫ్ బ్రయన్’కు పెట్టుబడిదారులు చివరి నిమిషంలో తప్పుకుంటే బీటిల్స్ జార్జ్ హారిసన్ డబ్బు పెట్టాడు. గోడ మీద రోమన్లకు వ్యతిరేకంగా రాస్తున్న కుర్రాణ్ని రోమన్ సైనికుడు పట్టుకుని, తప్పు వ్యాకరణం దిద్దించి, నూరుసార్లు రాయిస్తాడు. లాటిన్ మాస్టారి బెత్తం తిన్నవాళ్లే రాయగలిగిన హాస్యం అది.

గ్లాడియేటర్, ఆ తర్వాత

భారీ రోమన్ చిత్రాలకు 36 ఏళ్ల విరామం తర్వాత రిడ్లీ స్కాట్ ‘గ్లాడియేటర్’ (2000) ఈ రకాన్ని బతికించింది. మార్కస్ ఆరేలియస్, అతని కొడుకు కమోడస్ కథ, అంటే బ్రాన్‌స్టన్‌ను ముంచిన కథే. మాల్టాలో కొలోసియంలో కొంత భాగమే కట్టి మిగతాది కంప్యూటర్లతో పూరించారు. షూటింగు మధ్యలో ఆలివర్ రీడ్ మరణిస్తే మిగిలిన షాట్లకు ఆయన ముఖాన్ని కంప్యూటర్‌తోనే అతికించారు. ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు సహా 5 ఆస్కార్లు వచ్చాయి. తండ్రిని కొడుకు గుండెకు అదిమి ఊపిరాడకుండా చంపడం కల్పన. కమోడస్ చచ్చింది కూడా బరిలో కాదు, 192 డిసెంబర్ 31న నార్సిసస్ అనే మల్లయోధుడు గొంతు నులిమి చంపాడు. అయితే ఆ చక్రవర్తి బరిలోకి దిగేవాడన్నది నిజమే. సెనేటరుగా అక్కడ కూర్చుని చూసిన డియో కాసియస్ ఒక సంగతి రాశాడు. కమోడస్ నిప్పుకోడి తల నరికి, ఒక చేత్తో ఆ తల, ఇంకో చేత్తో నెత్తుటి కత్తి పట్టుకుని సెనేటర్ల ముందుకు వచ్చి పళ్లికిలించాడు. వాళ్లకు నవ్వు ముంచుకొచ్చింది. నవ్వితే ప్రాణం దక్కదు. డియో తన తల మీది దండలోంచి లారెల్ ఆకులు పీకి నమలసాగాడు, పక్కవాళ్లూ అదే చేశారు. ఇంత మంచి దృశ్యాన్ని రెండు సినిమాలూ వదులుకున్నాయి.

2024లో వచ్చిన రెండో భాగంలో కొలోసియంను నీళ్లతో నింపి సొరచేపల్ని వదిలారు. అందరూ నవ్విన నీళ్లే నిజం, 80లో టైటస్ చక్రవర్తి అక్కడ నౌకాయుద్ధం జరిపించాడని డియో రాశాడు. సొరచేపలు స్కాట్ సొంతం. పాలరాయి తెల్లదనం నుంచి బయటపడి, రంగులు పూసిన గోడలు, పిచ్చిరాతలు, ఇరుకు సందులు ఉన్న ఊరుగా రోమ్‌ను చూపించిన ఘనత మాత్రం చినెచిత్తాలో తీసిన ‘రోమ్’ (2005–07) ధారావాహికదే.

మన దేశంలో

పార్సీ రంగస్థలం కోసం ఆగా హష్ర్ కాశ్మీరీ రాసిన ఉర్దూ నాటకం ‘యహూదీ కీ లడ్‌కీ’ రోమన్ల కింద నలిగిన యూదుల కథ. 1933లో న్యూ థియేటర్స్ దాన్ని సైగల్‌తో తీసింది. 1958లో బిమల్ రాయ్ ‘యహూదీ’గా తీసినప్పుడు దిలీప్ కుమార్ రోమన్ రాకుమారుడు, సోహ్రాబ్ మోదీ యూదు వర్తకుడు. కవచాలు తొడిగిన రోమన్లు చక్కటి ఉర్దూ మాట్లాడతారు. లండన్ రంగస్థలపు ఇంగ్లీషు మాట్లాడే హాలీవుడ్ రోమన్ల కంటే వాళ్లేమీ తక్కువ సహజం కాదు.

తెలుగులో రోమన్ పాలన నాటి కథ అనగానే గుర్తొచ్చేది ‘కరుణామయుడు’ (1978). ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో మొదలైన ఈ చిత్రంలో విజయచందర్ క్రీస్తుగా నటించారు. భీమ్‌సింగ్ మరణించాక క్రిస్టఫర్ కొయెల్లో పూర్తిచేశారు. పిలాతు న్యాయస్థానం, కొరడాలు, ఈటెలు పట్టిన భటులు ఇందులో ఉన్నా, దీని నడక మన భక్తి చిత్రాలది. హిందీలో ‘దయాసాగర్’గా వెళ్లి, థియేటర్లలో కంటే ఎక్కువగా ప్రచారకుల ప్రొజెక్టర్ల మీద ఊరూరా తిరిగింది. కరెంటు లేని ఊళ్లలో కట్టిన తెర మీద రోమన్ శిరస్త్రాణం మొదటిసారి చూసిన ప్రేక్షకులు ఎందరో.

రోమన్ల సొమ్ము మాత్రం అంతకు చాలా ముందే ఇక్కడికి చేరింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. శ్రీనాథుడి కనకాభిషేకంతో మనకు పరిచయమైన ‘దీనారం’ అన్న మాట కూడా రోమన్ల దెనారియస్ నుంచి వచ్చిందే. మిరియాలకూ నూలుబట్టలకూ ఆ నాణేలు మోసుకొచ్చిన ఓడల మీద హాలీవుడ్ గానీ చినెచిత్తా గానీ, మన వాళ్లు గానీ పేరున్న సినిమా ఒక్కటీ తీయలేదు.